సెకండ్ హ్యాండ్ బోటు ఇంజన్ కొనేటప్పుడు ముందు నీళ్ల దారి చూడండి

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. ఉప్పాడ దగ్గర మీ నాన్నగారి ఫైబర్ బోటుకు 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక పలకకు బిగించేది) సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటున్నారు. రెండు చూశారు. కాకినాడలో చూసినదానికి కొత్త పెయింటు వేసి, స్టిక్కర్లు కూడా కొత్తవి అంటించారు. ఓవర్‌హాల్ చేయించానని అమ్మేవాడు అంటున్నాడు, ధర తక్కువ. కోనసీమలోని ఓడలరేవులో చూసినది రంగు వెలిసిపోయి ఉంది, పై మూతకు పగులు కూడా ఉంది. మొదటి నుంచీ ఒకే మనిషి చేతిలో ఉందట, ధర ఎక్కువ చెబుతున్నాడు. రెండిట్లో ఏది తీసుకోవాలి, ఏమేం చూడాలి అని అడిగావు.

నన్నడిగితే ముందు ఓడలరేవు వెళ్లు. వెలిసిన రంగును చూసి భయపడకు. కొత్త పెయింటు అంటేనే మోసం అని నేను అనను, కానీ పెయింటు వేసిన చోట తుప్పు, వెల్డింగు, వేడికి పొంగిన మచ్చ అన్నీ కప్పుకుపోతాయి. మనం చూడాల్సినవి సరిగ్గా అవే. రంగు పోయిన ఇంజన్ దాచుకోలేదు, అంతే తేడా.

సముద్రం మీద నడిచిన ఔట్‌బోర్డ్ ఎక్కువగా పాడయ్యేది నడిచి నడిచి అరిగిపోయి కాదు, లోపల ఉప్పు పేరుకుని. కారుకు ఉన్నట్టు దీనికి రేడియేటర్ ఉండదు. కింద గేర్ బాక్స్ మీద ఉన్న రబ్బరు ఇంపెల్లర్ సముద్రపు నీళ్లనే తోడి, సన్నటి గొట్టం గుండా పైకి పంపుతుంది. ఆ నీళ్లు సిలిండర్ల చుట్టూ, వాటిని మూసే హెడ్ చుట్టూ తిరిగి, పొగతో పాటు కిందికి పోతాయి. బోటు ఒడ్డుకొచ్చి ఇంజన్ ఆపాక లోపల మిగిలిన నీళ్లు ఆ వేడికి ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం గోడలకు అంటుకుంటుంది. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ల డ్రమ్ములో పెట్టి కాసేపు నడిపితే అది కరిగిపోతుంది. అలా చేయకపోతే పొర మీద పొర కట్టి దారి సన్నబడుతుంది. హెడ్ వేడెక్కుతుంది, పిస్టన్ ఉబ్బి బోరును, అంటే సిలిండర్ లోపలి గోడను గీస్తుంది. అందుకే ఎన్నేళ్ల ఇంజన్ అని అడగడం కన్నా, వేట అయ్యాక ఎక్కడ కడుగుతారు, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు అని అడుగు. మన తీరపు ఊళ్లలో మంచినీళ్లు తేవడమే ఒక పని. నిజంగా కడిగేవాడు డ్రమ్ము చూపిస్తాడు, నీళ్ల బోరు ఎక్కడుందో చెబుతాడు. కడగనివాడు మాట మారుస్తాడు.

వెళ్లే ముందు రోజే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పు. వెళ్లగానే పై మూత తీసి హెడ్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే తిప్పి పెట్టారన్నమాట. వేడి మీద చాలా ఇంజన్లు ఒక్క లాగుకే అందుకుంటాయి. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్ట్ అవుతుందన్నదే మీ నాన్నగారికి కావాల్సింది. చోక్ లాగి, రెండు మూడు లాగుల్లో అందుకుంటే బాగున్నట్టే. భుజం నొప్పి పుట్టేదాకా లాగాల్సి వస్తే కారణం కనుక్కోకుండా బేరం మొదలుపెట్టకు.

అయితే స్టార్ట్ చేయడం చివరి పని. ముందు చల్లగా ఉండగానే చూడాల్సినవి ఉన్నాయి.

గేర్ ఆయిల్‌తో మొదలుపెట్టు. ఇంజన్ రాత్రంతా నిలువుగా స్టాండ్ మీద ఉండి ఉంటే ఇంకా మంచిది. గేర్ బాక్స్‌కు కిందొక స్క్రూ, పైనొక స్క్రూ ఉంటాయి. పైది కదపకుండా కింది స్క్రూ మెల్లగా వదులు చెయ్యి. నీళ్లు నూనె కన్నా బరువు కాబట్టి అడుగున చేరతాయి. లోపల నీళ్లుంటే మొదట జారేవి ఆ నీటి చుక్కలే. తర్వాత స్క్రూ పూర్తిగా తీసి నూనె ఒక తెల్లటి డబ్బాలో పట్టు. మజ్జిగలా తెల్లబడి ఉంటే, నీళ్లు రాకుండా ఆపే సీలు పోయి నీళ్లు కలిశాయని అర్థం. వేళ్ల మధ్య రుద్దినప్పుడు మెత్తటి బూడిద రంగు పొడి కొంచెం తగిలితే పరవాలేదు, అది మామూలు అరుగుదల. ముక్కలుగా, పెళుసుగా ఇనుము తగిలితే గేర్ పళ్లు విరుగుతున్నాయి. నూనె మరీ కొత్తగా, తేనెలా మెరుస్తుంటే అదీ ఒక ప్రశ్నే. నిన్ననే మార్చి ఉంటే అది నీకేమీ చెప్పదు. అప్పుడు ఇంజన్‌ను లోడు మీద అరగంట నడిపించి, మళ్లీ స్క్రూ వదులు చేసి చూడాలి.

సీలు ఎందుకు పోతుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. మన దగ్గర ఎక్కువగా తంగూసు దారమే కారణం. తెగిన వల ముక్క ప్రొపెల్లర్‌కు చుట్టుకుని, తిరిగే వేడికి షాఫ్టు వెంట లోపలికి జారి సీలు అంచును కోసేస్తుంది. ప్రొపెల్లర్ విప్పించి వెనక చూడు. పాత దారం ముద్ద కట్టి ఉంటే సీలు మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించాల్సిందే. విప్పినప్పుడే షాఫ్టు వంకర కూడా చూడు. న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పుతూ, షాఫ్టు చివర పక్కన ఒక పుల్ల కదలకుండా పట్టుకో. చివర ఒకసారి పుల్లకు దగ్గరగా, ఒకసారి దూరంగా వెళ్తుంటే వంగినట్టు. వంగిన షాఫ్టుకు కొత్త సీలు వేసినా ఎన్నాళ్లో నిలవదు.

గేర్ బాక్స్ విప్పి ఇంపెల్లర్ చూస్తానంటే చాలామంది ఒప్పుకోరు. ఒప్పుకుంటే మాత్రం ఆ బోల్టులు ఎలా వస్తున్నాయో గమనించు. అల్యూమినియం బాడీలో స్టీలు బోల్టు ఉప్పునీళ్లలో ఉంటే రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఏటా విప్పి గ్రీజు రాసి బిగించిన బోల్టు రెంచీ పెట్టగానే కదులుతుంది. ఏళ్ల తరబడి ముట్టనిది విరిగిపోతుంది. బోల్టులు సులువుగా వచ్చి, చివర గ్రీజు కనిపించిందంటే ఆ ఇంజన్‌ను పట్టించుకున్న మనిషి ఒకడున్నాడని నాకు అక్కడే నమ్మకం కుదురుతుంది. వెనక పలకకు బిగించే మరలు, వంచే పిన్ను, స్టీరింగు కదిలే చోటు కూడా ఇదే కథ చెబుతాయి. జింక్ ముక్క, అదే తుప్పు తన మీదికి తెచ్చుకునే దిమ్మ, సగం కరిగి ఉంటే మంచిది. దాని పని అది చేస్తోంది. పూర్తిగా కరిగిపోయి ఎవరూ మార్చకపోతే తర్వాత తినేది బాడీనే. పాత ఇంజన్ మీద జింక్ కొత్తదానిలా ఉండి, దాని మీద కూడా పెయింటు ఉంటే అది ఉన్నా లేనట్టే. పెయింటు పడిన జింక్ పనిచేయదు. కాకినాడ ఇంజన్‌లో ఇది తప్పకుండా చూడు.

ఇక పై భాగం. హెడ్ మీద, సిలిండర్ల పక్కన కంపెనీ పెయింటు గోధుమ రంగుకు తిరిగినా, బుడగలు కట్టినా ఎప్పుడో బాగా కాలింది. హెడ్ బోల్టుల తలలు అరిగి ఉంటే విప్పి బిగించారు. విప్పడం తప్పు కాదు, ఎందుకు విప్పారో చెప్పగలగాలి. ఓవర్‌హాల్ అన్న మాటను నిలదీయి. పిస్టన్లు మార్చారా, రింగులు మాత్రమేనా? బోరు చేయించారా? చేయిస్తే ఎంత ఓవర్‌సైజు, అంటే బోరు ఎంత పెద్దది చేశారు? పాత పిస్టన్లు ఏవి? బిల్లు ఉందా? బోరు అరిగి గుడ్డు ఆకారానికి వచ్చాక అందులో కొత్త రింగులు వేసి అమ్మడం సులభం, ఆ రింగులు కొద్ది నెలలే పనిచేస్తాయి. ఇప్పటికే చివరి ఓవర్‌సైజుకు వచ్చేసి ఉంటే తర్వాతిసారి పెద్ద ఖర్చే.

సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ లేకుండా వెళ్లకు. మెకానిక్ దగ్గర అద్దెకైనా తీసుకో. రెండు ప్లగ్గులూ తీసి, వైర్లను బాడీకి ఎర్త్ చేసి, ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ క్లిప్ లాగేసి, త్రాటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పైకి వెళ్లని దాకా తాడు లాగాలి. రెండు సిలిండర్లకూ లాగుళ్లు సమానంగా ఉండాలి. అంకె ఎంత రావాలన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. కిరోసిన్ మోడళ్లకు తయారీలోనే తక్కువ. నాకు ముఖ్యం రెండిటి మధ్య తేడా. 10 శాతం లోపు ఉంటే సరే. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ సిలిండర్‌లో చెంచాడు నూనె పోసి మళ్లీ చూడు. ముల్లు పైకి లేస్తే రింగులో బోరో పోయింది. లేవకపోతే హెడ్ గాస్కెట్ మీద అనుమానం. గాస్కెట్ చిన్న పని, బోరు కాదు. తీసిన ప్లగ్గులనూ పక్కపక్కన పెట్టి చూడు. రెండూ లేత గోధుమ రంగులో ఒకేలా ఉండాలి. ఒకటి నల్లగా, ఒకటి కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ శుభ్రంగా ఉన్నదాంట్లోకి నీళ్లు వస్తూ ఉండొచ్చు. ఫోన్‌కు తగిలించే సన్నటి కెమెరా ఇప్పుడు చవగ్గానే దొరుకుతోంది. ప్లగ్గు రంధ్రంలోంచి దించితే పిస్టన్ తల, బోరు మీద నిలువు గీతలు కనిపిస్తాయి.

ప్లగ్గులు బయట ఉండగానే పైనుండే బరువైన చక్రం, ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పు, చెవి దగ్గరగా పెట్టి విను. నేను ఎక్కువ సమయం ఇక్కడే గడుపుతాను. మునిగిన ఇంజన్‌ను పట్టుకునేది ఇక్కడే. 2014లో హుద్‌హుద్, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్, 2024 సెప్టెంబరులో విజయవాడ వరద, ఇలాంటివి వచ్చి పోయాక నీళ్లలో మునిగిన యంత్రాలు మార్కెట్లోకి వస్తాయి. మునిగిన ఇంజన్‌ను ఆ రోజే మంచినీళ్లతో కడిగి, నీళ్లు వంపి, నూనె పోసి నడిపితే బతుకుతుంది. నాలుగు రోజులు అలాగే వదిలేస్తే క్రాంక్ బేరింగుల రోలర్ల మీద తుప్పు గుంటలు పడతాయి. పైపైన తుడిచి స్టార్ట్ చేస్తే నడుస్తుంది కూడా, ఆ గుంటలు మాత్రం పోవు. చేత్తో తిప్పినప్పుడు నున్నగా జారకుండా లోపల ఇసుక ఉన్నట్టు గరగరమంటే వదిలేయి. ఫ్లైవీల్ అడుగున తుప్పు, వైర్ల కనెక్టర్లలో పచ్చటి పొడి, కార్బొరేటర్ బౌల్‌లో తెల్లటి పొడి, చెయ్యి చేరని మూలల్లో ఒండ్రు, ఇవన్నీ ఒకచోట కనిపించాయంటే ఎవరేం చెప్పినా ఆ ఇంజన్ మునిగింది. ఈ ఒక్క విషయంలో బేరం కూడా ఆడొద్దు. ధర ఎంత తగ్గించినా మీ నాన్నగారు కెరటాలు దాటేటప్పుడు అది ఆగిపోతే బోటు అడ్డం తిరుగుతుంది. అక్కడ మిగిలించిన డబ్బు ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు స్టార్ట్ చెయ్యి. డ్రమ్ములో నీళ్లు పంపు మునిగేదాకా ఉండాలి. వెనక సన్నటి ధార వెంటనే మొదలై నిలకడగా రావాలి. రాకపోతే గాభరా పడకు. ఇంజన్ ఆపి, ఆ రంధ్రంలో సన్నటి తీగ పెట్టి చూడు. వాడకుండా పెట్టిన ఇంజన్‌లో కుమ్మరి పురుగు మట్టి కూడా పెట్టేస్తుంది. ధార బాగుందని తృప్తి పడటమూ సరికాదు. చాలా ఇంజన్లలో ఆ ధార పంపు పనిచేస్తోందనే చెబుతుంది, హెడ్ చుట్టూ దారి తెరిచి ఉందని చెప్పదు. పదిహేను నిమిషాలు నడిచాక హెడ్ మీద నీటి చుక్క వెయ్యి. సుయ్ మని ఎగిరిపోతే లోపల ఉప్పు కట్టింది, లేదా నీటి వేడిని బట్టి తెరుచుకునే థర్మోస్టాట్ పట్టేసింది. థర్మోస్టాట్ తీసేసి నడుపుతున్నాం అనేవాళ్లూ ఉంటారు. అలా నడిపితే ఇంజన్ మరీ చల్లగా ఉండి బొగ్గు పేరుకుంటుంది. ఎందుకు తీశారో అడుగు.

డ్రమ్ములో పాట పాడే ఇంజన్ నీళ్లలో మొరాయించొచ్చు. డ్రమ్ములో దానికి బరువేమీ ఉండదు కదా. కాలువలోకైనా తీసుకెళ్లి, మనుషుల్ని ఎక్కించి, పూర్తి త్రాటిల్ మీద పది నిమిషాలకు తగ్గకుండా నడపాలి. ప్లగ్గు వైరు చుట్టూ తగిలించే చిన్న మీటరుతో ఆర్‌పీఎం చూడు. చిన్న టూ స్ట్రోక్‌లకు పూర్తి త్రాటిల్‌లో 4500 నుంచి 5500 మధ్య ఉండటం మామూలు, నీ మోడల్ పుస్తకంలో ఉన్నది ఖాయం. అందుకోలేకపోతే ప్రొపెల్లర్ సరిపోవడం లేదు, లేదా ఒక సిలిండర్ సగమే పనిచేస్తోంది. ముందుకు నడిపే గేరులో లోడు మీద టక్ టక్ మని జారితే గేర్ క్లచ్ అంచులు అరిగాయి. అది డ్రమ్ములో ఎప్పటికీ బయటపడదు. ట్రయల్ అయ్యాక ఇంజన్ ఆపి, వేడి మీదే రెండు మూడుసార్లు మళ్లీ స్టార్ట్ చేయించు.

పెట్రోలు సంగతి చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం ఒడ్డున, మూత సరిగా పడని ట్యాంకులో నెలల తరబడి ఉంటే నీళ్లూ ఇథనాలూ విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజన్ మొదట పీల్చేది ఆ అడుగునే. పాత ఇంజన్ల రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ ఓరింగులు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, మెత్తబడి ముక్కలవుతాయి. ఏ ఇంజన్ కొన్నా ముందుగా పైపు, చేత్తో నొక్కి పెట్రోలు ఎక్కించే ప్రైమర్ బల్బు, పంపు డయాఫ్రమ్, ఇంపెల్లర్ మార్చెయ్యి. అమ్మినవాడు కొత్తవని చెప్పినా మార్చు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా కాబట్టి ఆ 61 రోజులూ ఇంజన్ ఊరికే ఉంటుంది. నిషేధానికి ముందే కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టడం అలవాటు చేసుకోండి. కొనడానికి కూడా ఆ రెండు నెలలే మంచి సమయం. వాడకుండా పడి ఉన్న ఇంజన్ ఎలా అందుకుంటుందో తెలుస్తుంది, మెకానిక్‌కూ తీరిక ఉంటుంది. జూన్ రెండో వారంలో అతను ఫోన్ కూడా ఎత్తలేడు.

కిరోసిన్ మీద నడుస్తుంది అని చెబితే, అది కంపెనీ కిరోసిన్ మోడలా, పెట్రోలు ఇంజన్‌కు గాస్కెట్ మందం పెంచి మార్చినదా అన్నది నేమ్‌ప్లేటు చూసి తేల్చుకో. మార్చినదైతే వద్దు. కంపెనీ మోడలైనా పెట్రోలు మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చి, ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు రావాలి. ఈ పద్ధతి పాటించని ఇంజన్‌లో రింగులు బొగ్గుకు అంటుకుపోయి ఉంటాయి.

కంపెనీల గురించి ఎక్కువ చెప్పను. యమహా, సుజుకి, తోహత్సు అన్నీ నిలబడ్డ ఇంజన్లే. నీకు దగ్గర్లో ఏ కంపెనీ ఇంపెల్లర్, సీళ్లు, వాటర్ పంప్ కిట్ అదే రోజు దొరుకుతాయో అది కొను. ఎవిన్‌రూడ్ 2020లోనే తయారీ ఆపేసింది, చవగ్గా వచ్చినా పార్టుల కోసం తిరగాలి. ఫోర్ స్ట్రోక్ గురించి కూడా అడిగావు. పెట్రోలు తక్కువ తాగుతుంది, నిజమే. కానీ ఒడ్డు మీద నుంచి కెరటాల్లోకి తోసే బోటుకు, బరువు తక్కువ ఉండి, తడిసినా ఊళ్లోనే విప్పి ఆరబెట్టుకోగల టూ స్ట్రోక్ నాకు ఇప్పటికీ నచ్చుతుంది. గోదావరిలోనో రిజర్వాయర్‌లోనో నడిచిన ఇంజన్ దొరికితే ఉప్పు బాధ ఉండదు. దానికి ఇసుక బాధ ఉంటుంది, వాటర్ పంపు గిన్నె లోపల గీతలు పడ్డాయేమో చూస్తే చాలు.

షాఫ్టు పొడవు మాత్రం డబ్బు ఇవ్వకముందే కొలవాలి. పొట్టిది సుమారు 15 అంగుళాలు, పొడవుది 20. బోటు వెనక పలక ఎత్తు కొలిచి సరిపోల్చు. ప్రొపెల్లర్ పైన ఉండే పలక బోటు అడుగుకు సమానంగా, లేదా ఒక అంగుళం కిందికి రావాలి. పైకి ఉంటే కెరటం మీద ప్రొపెల్లర్ గాలి పీల్చి ఇంజన్ అరుస్తుంది, బోటు కదలదు. మరీ కిందికి ఉంటే నీళ్ల ఒరిపిడి పెరిగి పెట్రోలు దండగ.

కాగితాలు. ఇంజన్‌ను బోటుకు బిగించే క్లాంపు బ్రాకెట్ మీద సీరియల్ నంబరు ప్లేటు ఉండాలి, దాని రివెట్లు చెక్కు చెదరకుండా ఉండాలి. ఆ నంబరే బిల్లు మీదా ఉండాలి. దొంగిలించిన ఇంజన్లు చేతులు మారే లోకం ఇది. ప్లేటు పీకేసి ఉంటే మాట్లాడకుండా వచ్చెయ్యి. సబ్సిడీలో వచ్చిన ఇంజన్ అయితే అమ్మడానికి షరతులు ఉండొచ్చు. మీ సచివాలయంలో గ్రామ మత్స్య సహాయకుణ్ని అడిగి, అవసరమైతే అమ్మేవాడి చేత రాయించుకో. అన్నట్టు, ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన (పీఎంఎంఎస్‌వై)లో జనరల్ వాళ్లకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం ప్రభుత్వ సాయం ఇస్తూ వచ్చారు. ఇంజన్లకు ఇప్పుడు మీ జిల్లాలో దరఖాస్తులు తీసుకుంటున్నారేమో కూడా అదే సహాయకుణ్ని అడుగు. మీ అమ్మగారి పేరు మీద కొత్తదే వచ్చే వీలుంటే ఈ వెతుకులాట అంతా అక్కర్లేదు.

కాకినాడ అతన్ని రెండే రెండు అడుగు. గేర్ ఆయిల్ స్క్రూ నా ముందు విప్పుతావా, కాలువలో నడపనిస్తావా? రెండిటికీ సరేనంటే చూడు, కంప్రెషన్ సమానంగా వస్తే పెయింటును నేనూ మన్నిస్తాను. ఓడలరేవు ఇంజన్ మూతకు పగులు పెద్ద విషయం కాదు, ఫైబర్ బోట్లు రిపేరు చేసేవాళ్లు లోపలి నుంచి మ్యాట్ వేసి అతుకుతారు. అయితే ఆ పగులులోంచి ఉప్పునీళ్లు ఫ్లైవీల్ మీద, కాయిల్ మీద పడుతూ ఉండి ఉంటాయి. మూత తీసినప్పుడు ముందు అటువైపే చూడు. దాని నేమ్‌ప్లేటు ఫొటో, రెండు ప్లగ్గుల ఫొటో, కంప్రెషన్ అంకెలు ఇక్కడ పెట్టు. అడ్వాన్సు ఇచ్చే ముందు పెట్టు.